కరగని నూనెతో కుస్తీ: డాఫ్నియా ప్రాజెక్టు డైరీ

రోజు 1

శాంపిల్ వచ్చింది. బ్రౌన్ సీసాలో చిక్కటి నూనె, రంగు లేదు, వాసన కూడా లేనట్టే, సీసా వంచితే బద్ధకంగా కదుల్తోంది. ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే ఎస్టర్ రకం కెమికల్ (ప్లాస్టిసైజర్) ఇది, అసలు పేరు బయట పెట్టకూడదు కాబట్టి డైరీలో 'నూనె' అనే రాసుకుంటా. నీళ్లలో బతికే జీవులకి ఇదెంత విషమో తేల్చడం మా పని, ముందు డాఫ్నియా (చెరువుల్లో ఉండే సన్నటి నీటి పురుగు), ఆ తర్వాత ఆల్గే (సన్నటి నాచు), చేపల జోలికి మాత్రం తప్పనిసరైతేనే పోదామని మొదట్లోనే అనుకున్నాం.

శాంపిల్‌తో పాటు ఒక పాత రిపోర్ట్ కూడా పంపారు. డాఫ్నియా 48 గంటల ఈసీ50 (సగం పురుగులు కదలకుండా పోయే మోతాదు) లీటరుకి 100 మిల్లీగ్రాముల పైనే, కాబట్టి హాని లేదు అని అందులో ఉంది. అదే పేజీలో నాలుగు లైన్ల పైన 'నీటిలో కరగదు' అని కూడా ఉంది! కరగని దాన్ని లీటరుకి 100 మిల్లీగ్రాములు పోస్తే పోసిందంతా పైన తెట్టులా తేలుతుంది, కింద ఈదే పురుక్కి తగిలేదెంత? ఆ 100 అనేది తూకం మెషీన్ మీద కనిపించిన అంకె, నీళ్లలో ఉన్న అంకె కాదు. రాసినోళ్లకి ఈ డౌటు రాకపోవడమే వింత.

రోజు 2

సాఫ్ట్‌వేర్‌తో అంచనాలు తీశా. లాగ్ కేఓడబ్ల్యూ 6 దాటింది, అంటే నీళ్లకన్నా కొవ్వులోకి పది లక్షల రెట్లకి మించి మొగ్గు చూపే సరుకు. నీటిలో ఎంత కరుగుతుందని అడిగితే రెండు మోడళ్లు పది రెట్ల తేడాతో జవాబు చెప్పాయి, కొలవాల్సిందే ఇక.

రోజు 3

రెండు పద్ధతులూ పక్కపక్కనే పెట్టా. ఒక సీసాలో నూనె వేసి షేకర్ మీద గట్టిగా కుదపడం, ఇంకోదాంట్లో నీళ్ల పైన పల్చగా నూనె పొర వదిలి అడుగున మ్యాగ్నెట్‌ని చాలా నెమ్మదిగా తిప్పడం, సుడి పడీ పడనట్టు. ఈ రెండోదే స్లో స్టిర్. కరుగుదల తక్కువున్న వాటికి ఓఈసీడీ (దేశాలన్నీ వాడే టెస్ట్ పద్ధతులు రాసే సంస్థ) 105 గైడ్‌లైన్‌లో కాలమ్ పద్ధతి ఉంది గానీ ఇలాంటి ద్రవాలతో కాలమ్ నుంచి సన్నటి బొట్లు కొట్టుకొచ్చే బాధ ఉంటుంది, అందుకే స్లో స్టిర్‌కే ఓటేశా.

ఈలోగా పైనుంచి ఒత్తిడి. సాల్యుబిలిటీ (కరుగుదల) అంకె వచ్చేదాకా ఆగడం దేనికి, అసిటోన్‌లో కలిపి ఒక రేంజ్ టెస్ట్ (ఏ డోసు దగ్గర దెబ్బ మొదలవుతుందో ఉజ్జాయింపుగా చూసేది) లాగించేయొచ్చు కదా అని. వద్దని గట్టిగా అనలేకపోయా, సరే అన్నా.

రోజు 5

రేంజ్ టెస్ట్ పెట్టా. 24 గంటల లోపు వయసున్న డాఫ్నియా పిల్లలు, ఒక్కో బీకర్లో 5 చొప్పున నాలుగు బీకర్లు, అంటే ఒక్కో డోసుకి 20. నూనెని అసిటోన్‌లో కలిపి లీటరుకి 0.1 మి.లీ. దాటకుండా వేశా, ఓఈసీడీ గైడెన్స్ డాక్యుమెంట్ 23 చెప్పే హద్దు అదే. డోసులు లీటరుకి 0.01, 0.1, 1, 10 మిల్లీగ్రాములు. ఉత్త నీళ్ల కంట్రోల్ ఒకటి, అసిటోన్ కంట్రోల్ ఒకటి. పక్కనే పొటాషియం డైక్రోమేట్‌తో రిఫరెన్స్ టెస్ట్ కూడా, దాని 24 గంటల ఈసీ50 లీటరుకి 0.6 నుంచి 2.1 మిల్లీగ్రాముల మధ్య పడాలి, మాకు 1.2 పడింది, కాబట్టి పురుగులు ఆరోగ్యంగానే ఉన్నాయి.

రోజు 7

48 గంటలు. 20లో కదలకుండా పోయినవి లెక్కిస్తే కంట్రోళ్లు రెండూ సున్నా, 0.01లో సున్నా, 0.1లో 1, 1లో 7, 10లో 16. కాగితం మీద పెడితే బొమ్మలా వచ్చింది కర్వ్. ఈసీ50 లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర్లో పడుతుందని అందరూ ఖుషీ, పాత రిపోర్ట్ తప్పని తేలిపోయింది, రిపోర్ట్ రాసేద్దాం అన్నారు.

నాకు మాత్రం ఒకటి నచ్చలేదు. కదలకుండా పోయినవి అడుగున పడి ఉండాలి కదా మామూలుగా, ఇవన్నీ పైన ఉన్నాయి. నీటి మట్టానికి అతుక్కుని, పక్కకి వాలిపోయి. ఒకదాన్ని పెద్ద మూతి డ్రాపర్‌తో తీసి మైక్రోస్కోప్ కింద పెట్టా. గుండె టకటకా కొట్టుకుంటోంది. పేగులో టెస్ట్‌కి ముందు తిన్న ఆల్గే పచ్చగా కనిపిస్తోంది. యాంటెనా వెంట్రుకల మధ్య మాత్రం గాజు పూసల్లాంటి సన్న బొట్లు, రెండు మూడు కాదు, గుత్తులు గుత్తులుగా. పాపం అది యాంటెనా ఎత్తబోతే బొట్లు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ కిందికి లాగేస్తున్నాయి. డ్రాపర్‌తోనే నాలుగైదు సార్లు శుభ్రమైన నీళ్లలో అటూ ఇటూ కడిగి వదిలితే, నమ్మండి, ఒక నిమిషం తటపటాయించి గెంతుకుంటూ ఈదుకుపోయింది.

16లో 11 అలా లేచి ఈదాయి. ఇది విషం కాదు, జిగురు. నూనెలో ఇరుక్కున్న ఈగని చూసి నూనె విషం అన్నట్టుంది మన కర్వ్. గైడ్‌లైన్ ప్రకారం బీకర్‌ని మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదకపోతే ఇమ్మొబైల్ అని లెక్క, ఆ లెక్క ప్రకారం నేను రాసింది కరెక్టే, కానీ కారణం నూనెలో విషం కాదు, నూనె బొట్టు.

రోజు 10

సాల్యుబిలిటీ రిజల్ట్స్ వచ్చాయి. కుదిపిన సీసాలో మూడు శాంపిళ్లు మూడు అంకెలు: లీటరుకి 310, 180, 520 మైక్రోగ్రాములు. స్లో స్టిర్‌లో రోజు రోజుకీ నెమ్మదిగా పెరిగి ఆరో రోజు నుంచి 24 దగ్గర ఆగిపోయింది, ఇవాళ కూడా 24. ఇరవై రెట్ల దాకా తేడా!

లేజర్ పాయింటర్ టెస్ట్ చూశాక ఇంకేం అనుమానం మిగల్లేదు. లైట్లు ఆపి కుదిపిన సీసాలోకి గ్రీన్ లేజర్ వేస్తే నీళ్లలో దారం కట్టినట్టు గీత కనిపించింది, కంటికి మాత్రం ఆ నీళ్లు తేటగానే ఉన్నాయి. స్లో స్టిర్ సీసాలో గీత లేదు, మంచి నీళ్ల సీసాలో ఎలా ఉందో అలాగే. అంటే కుదిపినదాంట్లో మనం కొలిచింది కరిగిన నూనెని కాదు, తేలుతున్న సూక్ష్మమైన బొట్లని కూడా కలిపి కొలిచాం. ఈ పొరపాటు కొత్తదేం కాదు, డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ విషయంలో పాత పేపర్లలో లీటరుకి వందల మైక్రోగ్రాములని రాసేవాళ్లు, బొట్లు లేకుండా జాగ్రత్తగా కొలిస్తే 3 దగ్గర తేలింది. ఏళ్ల తరబడి చాలామంది ఆ వందల అంకెనే ఎత్తి రాసుకున్నారు.

కాబట్టి మా రేంజ్ టెస్ట్‌లో 0.1 డోసు కూడా కరుగుదల హద్దుకి నాలుగు రెట్లు పైనే ఉంది. కరిగే అవకాశం ఉన్న డోసు 0.01 ఒక్కటే, దాంట్లో ఒక్కటి కూడా పడలేదు. కర్వ్ చెత్తబుట్టలోకి. మీటింగ్‌లో ఈ మాట చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు, తర్వాత మేడమ్ ఒక్కరే "మంచిది, రిపోర్ట్ పంపకముందే తెలిసింది" అన్నారు.

వాఫ్ చేద్దామా అని ఎవరో అడిగారు, అంటే నూనెని నీళ్లతో తిప్పి కింది నీళ్లు మాత్రం తీసి వాడటం, ఫలితాన్ని లోడింగ్ లెక్కన, అంటే లీటరుకి ఎంత నూనె వేశామన్న లెక్కన చెప్పడం. పెట్రోలియం లాంటి వంద రకాల మిశ్రమానికి అది సరైన పద్ధతే, మాది ఒకే మాలిక్యూల్, 1 మిల్లీగ్రాము వేసినా 100 వేసినా కింద అదే 24 ఉంటుంది. వద్దన్నా.

రోజు 12

సరే, స్లో స్టిర్ నీళ్లనే తీసి బీకర్లలో పోస్తే సరిపోతుంది కదా అనుకున్నా. ఫిల్టర్ చేద్దామని పాలిమర్ మెంబ్రేన్ సిరంజి ఫిల్టర్ వాడా, కిందికొచ్చిన నీళ్లలో నూనె ఆనవాలు కూడా లేదు, ఫిల్టర్ మొత్తం మింగేసింది. ఫిల్టర్ మానేసి సీసా మధ్యలోంచి గాజు పైపుతో మెల్లగా తీయడమే నయం.

పురుగులు వేయకుండా ఉత్త బీకర్లలో 50 మి.లీ. చొప్పున పోసి చూశా. మొదట లీటరుకి 22 మైక్రోగ్రాములు, 24 గంటలకి 9, 48 గంటలకి 5. ఎటు పోయింది? లెక్కేస్తే బీకర్ మొత్తంలో ఉన్నదే 1.1 మైక్రోగ్రాములు. నీళ్లు పారబోసి గోడల్ని హెక్సేన్‌తో కడిగి కొలిస్తే 0.6 పైచిలుకు గాజుకే అంటుకుని దొరికింది. మనం గీకి గీకి కరిగించింది గాజు తాగేస్తోంది, ఏట్లో పిసికిన చింతపండు సామెత ఇందుకే పుట్టినట్టుంది. కొలిచిన విలువ మొదటి అంకెకి 20 శాతం లోపల నిలబడితేనే వేసిన అంకెని నమ్మి వాడుకోవచ్చు, మాది నాలుగో వంతుకి పడిపోయింది.

రోజు 14

ఇవాళ ఇంకో దెబ్బ. జీసీ-ఎంఎస్ (నీళ్లలో కెమికల్ ఎంతుందో కొలిచే మెషీన్) చూసే అక్క పిలిచి "ఇదేంటి, నీ కంట్రోల్‌లో కూడా పీక్ ఉంది చూడు" అంది. చూస్తే నిజమే, ఉత్త నీళ్ల బ్లాంక్‌లో లీటరుకి 3 మైక్రోగ్రాముల నూనె. ఎవరో శాంపిళ్లు మార్చేశారేమో అని ముందు ఒకరి మీద అరిచా కూడా, తర్వాత సారీ చెప్పాను.

రోజు 15, 16

దొంగ వేట. ఉత్త హెక్సేన్ ఇంజెక్ట్ చేస్తే క్లీన్, అంటే మెషీన్‌లో లేదు. గాజు సామాను 400 డిగ్రీల దగ్గర కాల్చి పెట్టినవే, అవీ క్లీన్. వినైల్ గ్లోవ్స్ మార్చి నైట్రైల్ వేసుకున్నా, కొంచెం తగ్గింది గానీ పోలేదు. పిపెట్ టిప్స్ అనుమానించా, గాజు సిరంజి వాడా, అదీ కాదు. చివరికి నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో వెనక్కి వెనక్కి పోతే, ప్యూరిఫైయర్ నుంచి పెద్ద క్యాన్‌లోకి పెట్టిన పైపు: మెత్తగా, తేటగా, వంచితే వంగే పీవీసీ పైపు. ఎందుకంత మెత్తగా ఉందంటే దాంట్లో ప్లాస్టిసైజర్ కలిపారు కాబట్టి. మేం విషమా కాదా అని తేల్చాలనుకుంటున్న సరుకు మూడేళ్లుగా మా నీళ్లలోకి కారుతూనే ఉంది, డాఫ్నియా కల్చర్ అంతా దాంట్లోనే పుట్టి పెరిగింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మేం రెండు రోజుల్లో పట్టాం.

పైపు తీసేసి టెఫ్లాన్ వేశాం, ఎయిర్ పంప్ లైన్ కూడా మార్చాం. బ్లాంక్ 0.2 కిందికి పడింది, అంతకన్నా తక్కువ మా మెథడ్ కొలవలేదు. కల్చర్‌ని కొత్త నీళ్లలోకి మార్చి కొన్ని తరాలు గడిచేదాకా అసలు టెస్ట్ ఆపేశాం. దాదాపు నెల పోయింది. తిట్టుకున్నా గానీ వేరే దారి లేదు.

రోజు 44

మళ్లీ మొదలు. ఈసారి పాసివ్ డోసింగ్. నీళ్లలో నూనె పోయడం అనే పనే ఉండదు దీంట్లో, సిలికాన్ ఓ-రింగులకి ముందు నూనె బాగా పట్టించి, వాటిని బీకర్లో పెడతాం, నీళ్లలో తగ్గినకొద్దీ రింగు వదులుతుంది, ఎక్కువైతే తిరిగి పీల్చుకుంటుంది, గాజు ఎంత తాగినా రింగు దగ్గరున్న నిల్వ ముందు అది లెక్కలోకి రాదు. పైగా విడి బొట్టు అనేదే ఉండదు. రింగుల్ని ఇథైల్ అసిటేట్‌తో ఒకసారి, మిథనాల్‌తో రెండుసార్లు నానబెట్టి కడిగా (సిలికాన్ తయారీలో మిగిలిన చెత్త పోవాలి), ఆరాక నూనెలో ముంచి వదిలేశా. రోజూ తీసి తుడిచి తూకం వేస్తూ బరువు పెరగడం ఆగేదాకా చూడాలి.

ఒక చిన్న సంగతి, తుడవడం అంటే నిజంగా తుడవడం. మొదటి బ్యాచ్‌లో తొందరపడి పైపైన తుడిచి నీళ్లలో వేస్తే లేజర్ గీత మళ్లీ ప్రత్యక్షం. లింట్ లేని టిష్యూతో మూడుసార్లు ఒత్తి, ఉత్త నీళ్లలో ఒకసారి కడిగి పారబోసి, అప్పుడు అసలు నీళ్లలో వేస్తే గీత లేదు.

రోజు 52

రింగులు నీళ్లలో వేసి మెల్లగా కదుపుతూ రెండు రోజులు ఉంచి, అప్పుడు పురుగుల్ని వదిలా. కొలతలు: మొదట లీటరుకి 21 మైక్రోగ్రాములు, 24 గంటలకి 20, 48 గంటలకి 21. ఆ మూడు అంకెలు చూసి నాకు కలిగిన సంతోషం ఇంట్లో చెప్తే ఎవరికీ అర్థం కాలేదు.

ఫలితం: 20లో 1 ఇమ్మొబైల్, అది కూడా అడుగునే పడి ఉంది, ఒంటి మీద బొట్లు లేవు. ఉత్త రింగులు వేసిన కంట్రోల్‌లో సున్నా. అంటే నీళ్లు పట్టగలిగినంత నూనె పట్టించినా 48 గంటల్లో ఏమీ కాలేదు. ఈసీ50 కరుగుదల హద్దు కంటే ఎక్కువ, అంతే రాయాలి, 100 అని కాదు.

ఆల్గే టెస్ట్ కూడా ఈ వారంలోనే అయిపోయింది, 72 గంటల్లో కంట్రోల్ 16 రెట్లకి పైగా పెరగాలన్న రూల్ బాగానే దాటింది, గ్రోత్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

రోజు 54

మీటింగ్‌లో అక్యూట్‌లో (రెండు మూడు రోజుల టెస్ట్‌లో) ఏం లేదు కదా, ఇక్కడితో ఆపేద్దాం అన్నారు ఒకరు. నా వాదన ఏంటంటే 48 గంటలు ఇలాంటి సరుక్కి చాలవు. ఇంత కొవ్వు పిచ్చి ఉన్న మాలిక్యూల్ ఒంట్లోకి చేరి నిండడానికే రోజులు పడుతుంది, పురుగు సగం నిండకముందే మనం స్టాప్‌వాచ్ ఆపేస్తున్నాం. రీచ్ (యూరప్ కెమికల్ చట్టం) రూల్స్ కూడా సరిగా కరగని వాటికి అక్యూట్ బదులు లాంగ్ టర్మ్ టెస్ట్ ఆలోచించమంటాయి. జీహెచ్ఎస్‌లో (కెమికల్స్‌ని హానిని బట్టి వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి) క్రానిక్ 4 అనే కేటగిరీ పెట్టింది కూడా ఇలాంటి వాటి కోసమే, అక్యూట్‌లో ఏం కనిపించకపోయినా త్వరగా విచ్ఛిన్నం కాక, లాగ్ కేఓడబ్ల్యూ 4 గానీ అంతకు మించి గానీ ఉంటే ఊరికే వదలకూడదని. మేడమ్ 21 రోజుల టెస్ట్‌కి ఓకే అన్నారు.

రోజు 58

21 రోజుల టెస్ట్ డే 0, ఓఈసీడీ 211. ఒక్కో డోసుకి 10 డాఫ్నియాలు, ఒక్కోదానికి విడిగా ఒక బీకర్. ఇక్కడ రింగులు బీకర్లో పెట్టలేం, వాటి మీద జిగురు పొర పట్టేస్తుంది, పిల్లల్ని లెక్కపెట్టడమూ నరకం. అందుకని పెద్ద నీళ్ల సీసాలో, లోపల నూనె నింపి రెండు కొనలూ ముడేసిన సిలికాన్ ట్యూబ్ వేలాడదీసి ఆ నీళ్లని సాచురేట్ చేస్తున్నా, ఆ నీళ్లే పై డోసు, దాన్ని సగానికి సగం పల్చన చేసుకుంటూ కింది నాలుగు డోసులు.

తిండి పెట్టాలి కదా, పెట్టకపోతే 21 రోజులు బతకవు, ఆ ఆల్గేనే నూనెని పీల్చేస్తుంది. ట్రయల్‌లో రెండు రోజులకోసారి నీళ్లు మారిస్తే 20 కాస్తా 6కి పడింది, కాబట్టి రోజూ మార్చాలి, ఆదివారాలతో సహా. రోజూ మారిస్తే 20 నుంచి 11కి దిగుతోంది, ఆ లెక్కన టైమ్ వెయిటెడ్ సగటు (రోజు మొత్తానికి సగటు) లీటరుకి 15 మైక్రోగ్రాములు. కింది డోసులు ఇదే తీరున 7.4, 3.7, 1.8, 0.9. ఆల్గే పీల్చిన నూనె మాయమైపోదు, దాన్ని పురుగే తింటుంది, అది నీళ్ల కొలతలో కనిపించని ఎక్స్‌పోజర్, రిపోర్ట్‌లో ఆ ముక్క రాయాలని పక్కన నోట్ చేసుకున్నా.

రోజు 66

డే 8. కంట్రోల్ తల్లులు మొదటి కాన్పు వేశాయి, తెల్ల కాగితం మీద బీకర్ పెట్టి డ్రాపర్‌తో ఒక్కొక్కటే లాగుతూ లెక్క. పై డోసులో ఇంకా ఒక్కటీ వేయలేదు. గుడ్లు కనిపిస్తున్నాయి వీపు సంచిలో, ఊరికే లేటు అనుకున్నా.

రోజు 72

పై డోసు తల్లులు చూడ్డానికే చిన్నగా ఉన్నాయి. కాన్పుల మధ్య గ్యాప్ కూడా ఎక్కువ. లెక్కపెట్టేవాళ్లకి ఏ బీకర్ ఏ డోసో తెలియకూడదని స్టిక్కర్లు మార్చి నంబర్లు వేశాం, అయినా సైజు చూసి నేను చెప్పేయగలుగుతున్నా, అందుకే లెక్క ఇంకొకరికి అప్పగించా.

రోజు 79

డే 21. కంట్రోల్ సగటు తల్లికి 93 పిల్లలు, కనీసం 60 ఉండాలన్న రూల్‌కి ఢోకా లేదు, కంట్రోల్ తల్లి ఒక్కటీ చావలేదు. 0.9లో 92, 1.8లో 94, 3.7లో 90, 7.4లో 74, 15లో 58. స్టాటిస్టిక్స్ పెడితే 3.7 వరకూ తేడా లేదు, 7.4 నుంచి ఉంది. నోఈసీ (ప్రభావం కనిపించని అన్నిటికన్నా పెద్ద డోసు) లీటరుకి 3.7 మైక్రోగ్రాములు.

అన్ని డోసులూ కరుగుదల హద్దు కిందే, లేజర్ గీత లేదు, ఒంటి మీద బొట్లు లేవు, అంటే ఈసారి జిగురు మీద నెపం వేయలేం. మిల్లీగ్రాముల్లో రాస్తే 0.0037. క్రానిక్ 1కి హద్దు త్వరగా విచ్ఛిన్నమయ్యే వాటికి 0.01, కాని వాటికి 0.1, మాది ఎటు చూసినా దాని కిందే. హాని లేదన్న పాత రిపోర్ట్ ఉన్న సరుకు పోయి పోయి అన్నిటికన్నా కఠినమైన కేటగిరీలో కూర్చుంది.

రోజు 81

డ్రాఫ్ట్ పంపాం. గంటన్నరలో శాంపిల్ పంపినవాళ్ల నుంచి ఫోన్, పాత రిపోర్ట్‌లో 100 పైన అని ఉంది కదా, మీ పద్ధతిలో ఏదో తేడా ఉన్నట్టుంది, మళ్లీ చేస్తారా అని. చేస్తామన్నాం, కాకపోతే ముందు పాత ల్యాబ్ వాళ్లు నీళ్లలో నూనె ఎంతుందో కొలిచిన డేటా ఏమైనా ఉంటే పంపమన్నాం. వెతికి చెప్తామన్నారు. ఈలోపు కొత్త బ్యాచ్ రింగులు మిథనాల్‌లో నానబెట్టా, ఉపయోగపడతాయి ఎలాగూ.